ఓట్లేస్తూనే ఉన్నారు, పేదరికం మాత్రం ఎందుకు పోవట్లేదు?

సందేహాలరావు

ఇక్కడ అర్థశాస్త్రం, రాజకీయాలు బాగా తెలిసినవాళ్ళు ఉన్నారని ధైర్యం చేసి అడుగుతున్నా. పేద దేశాల్లో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి, ప్రభుత్వాలు మారుతూనే ఉన్నాయి, ఓటర్లలో ఎక్కువమంది పేదవాళ్ళే, మరి బలం వాళ్ళదే అయినప్పుడు వాళ్ళకి కావాల్సింది వాళ్ళు చేయించుకోవాలి కదా, ఎందుకు జరగట్లేదు? అసలు ప్రజాస్వామ్యం వల్ల పేదరికం తగ్గుతుందా, లేక డబ్బున్న దేశాలే తీరిగ్గా ప్రజాస్వామ్యం నడుపుకుంటున్నాయా? పరీక్షలో రాసే జవాబులు వద్దండి. ఫలానా దేశంలో ఇలా చేశారు, పనిచేసింది, లేదా తన్నేసింది అని చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

మొండివాది

చైనా. ఒక్క ముక్కలో అయిపోయింది, థ్రెడ్ మూసేయండి.

సరే కొంచెం వివరంగానే చెప్తా. 1978 తర్వాత నలభై ఏళ్ళలో దాదాపు 80 కోట్ల మంది కటిక పేదరికం నుంచి బయటపడ్డారు, ఈ లెక్క ప్రపంచ బ్యాంకు చెప్పేదే. అక్కడ ప్రతిపక్షం లేదు, ప్రభుత్వాన్ని దించే ఓటు లేదు. వియత్నాం కూడా అదే దారి. దక్షిణ కొరియాలో సైనిక పాలనలోనే ఫ్యాక్టరీలు లేచాయి, నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు మళ్ళీ 1987లో గానీ రాలేదు. కడుపు కాలుతున్నోడికి ముందు పని కావాలి, బ్యాలెట్ పెట్టె సంగతి తర్వాత చూసుకోవచ్చు.

లెక్కల పంతులు

మొండివాది గారూ, మీ వాదన లాటరీ తగిలినవాళ్ళ ఫొటోలు చూపించి లాటరీ టికెట్టు మంచి పెట్టుబడి అన్నట్టుంది. తగలనివాళ్ళని కూడా వరసలో నిలబెట్టండి మరి. ఈక్వటోరియల్ గినీలో ఒబియాంగ్ 1979లో కుట్ర చేసి గద్దె ఎక్కాడు, ఇంకా దిగలేదు. తొంభైల్లో సముద్రంలో చమురు పడింది, తలసరి ఆదాయం ఆఫ్రికాలోనే పైవరసకి వెళ్ళిపోయింది, జనంలో చాలామంది మాత్రం పేదరికంలోనే ఉండిపోయారు, ఆ డబ్బు పాలక కుటుంబం చుట్టూనే తిరిగింది. జైర్‌లో (ఇప్పటి కాంగో) నియంత మొబుటు సంగతి కూడా అంతే, రాగి, కోబాల్ట్ అన్నీ ఉన్న దేశం, ముప్ఫై ఏళ్ళు ఏలి ఖాళీ ఖజానా వదిలి పారిపోయాడు. నిరంకుశ పాలనలో మంచివాడు తగిలితే తగిలాడు, చెడ్డవాడు తగిలితే వాణ్ణి మార్చే దారి లేదు, సమస్య అక్కడుంది.

రెండోది, అదే చైనా, అదే పార్టీ. 1959 నుంచి 61 దాకా ఏం జరిగిందో చూడండి. కమ్యూన్ (ఊళ్ళని కలిపి పెట్టిన ఉమ్మడి వ్యవసాయం) అధికారులు పైవాళ్ళ మెప్పు కోసం పండని పంట పండినట్టు కాగితాల మీద రాసి పంపారు, ఆ దొంగ లెక్క చూసుకుని ప్రభుత్వం ఊళ్ళ నుంచి ధాన్యం సేకరించింది, బయటి దేశాలకి ఎగుమతి కూడా చేసింది, పండించినవాళ్ళకి గింజ మిగల్లేదు. చావుల అంచనాలు ఒకటిన్నర కోట్ల నుంచి నాలుగున్నర కోట్ల దాకా ఉన్నాయి. "ఇక్కడ జనం చచ్చిపోతున్నారు" అని రాసే పేపరు లేదు, అడిగే ప్రతిపక్షం లేదు, ఓడిపోతామన్న భయం అసలే లేదు. 1978 తర్వాత బాగుపడటానికి పెద్ద కారణం కూడా ఏంటంటే రైతుని తన పంట తనే చూసుకోనిచ్చారు, అంటే అంతకుముందు వేసిన పట్టు సడలించారు. అది పాలకుల బలం అనాలో, చేయి తీసేసిన ఫలితం అనాలో మీరే ఆలోచించండి.

మొండివాది

పంతులుగారూ, కరువు గురించి మీరు చెప్పింది నిజమే, కాదనను. కానీ రోజువారీ ఆకలి సంగతేంటి? ఎన్నికలు జరిగే పెద్ద దేశాల్లో ఎదుగుదల ఆగిపోయిన పిల్లలు కోట్లలో ఉన్నారు. చైనాలో పిల్లల పోషణ మెరుగుపడినంత వేగంగా ఇండియాలో పడలేదు. దీనికి సమాధానం చెప్పండి.

లెక్కల పంతులు

దీనికి సమాధానం చెప్పినాయనకే 1998లో నోబెల్ వచ్చింది, అమర్త్య సేన్. ఆయన ఒక వైపే చెప్పలేదు, రెండు వైపులూ చెప్పాడు. పత్రికలు స్వేచ్ఛగా ఉండి, ఎన్నికలు సరిగ్గా జరిగే దేశంలో పెద్ద క్షామం రాలేదన్నాడు. 1943లో బ్రిటిష్ పాలనలో బెంగాల్‌లో ఇరవై ముప్ఫై లక్షల మంది పోయారు, స్వాతంత్ర్యం వచ్చాక వానలు చాలాసార్లు మొహం చాటేశాయి గానీ ఆ స్థాయి చావులు మళ్ళీ లేవు. 1972, 73లో మహారాష్ట్రలో కరువు భయంకరంగా ఉంది, ఒక దశలో దాదాపు 50 లక్షల మందికి రోడ్లు తవ్వే పనీ చెరువు పనీ చూపించి కూలి ఇచ్చారు, బతికించారు. కానీ అదే సేన్, రోజూ కొంచెం కొంచెంగా చంపే ఆకలిని ఇదే ప్రజాస్వామ్యం పట్టించుకోవట్లేదని కూడా గట్టిగానే అన్నాడు.

నాకర్థమైంది ఏంటంటే, క్షామం అందరి కంటికీ కనపడుతుంది, ఎవరి హయాంలో వచ్చిందో అందరికీ తెలుస్తుంది, ఎన్నికల్లో దెబ్బ పడుతుంది. రెండేళ్ళ పిల్ల ఉండాల్సిన ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ ఉందనుకోండి, తల్లికే తెలియదు, ఇక ఎమ్మెల్యేని ఏమని అడుగుతుంది?

కొత్తగా చేరా

నమస్తే అందరికీ. చాలా రోజుల నుంచి చదువుతున్నా గానీ ఎప్పుడూ రాయలేదు. ఒక చిన్న డౌటు. అంటే కంటికి కనపడే పని అయితేనే చేస్తారు, కనపడకపోతే వదిలేస్తారు అంటున్నారా? ఇది బడులు, ఆస్పత్రుల విషయంలో కూడా అంతేనా?

సరళ_వి

స్వాగతం అండి. అవును, బడుల విషయంలో ఇది అచ్చుగుద్దినట్టు కనపడుతుంది.

ఆఫ్రికాలో చాలా దేశాల్లో తొంభైల్లో ఏకపార్టీ పాలన పోయి ఎన్నికలొచ్చాయి. గెలిచినవాళ్ళలో పలువురు చేసిన మొదటి పనుల్లో ఒకటి ప్రైమరీ ఫీజు ఎత్తేయడం. మలావిలో 1994లో నియంత బండా పాలన పోయి కొత్త ప్రభుత్వం రాగానే ఫీజు తీసేశారు, ఒక్క ఏడాదిలో ప్రైమరీ పిల్లలు దాదాపు 19 లక్షల నుంచి 30 లక్షల దగ్గరికి వెళ్ళారు. కెన్యాలో 2002 చివర ఎన్నికలైతే 2003 జనవరికల్లా ఫీజు లేదు, పది లక్షలకి పైగా పిల్లలు కొత్తగా బడికొచ్చారు. పిల్లలే కాదు, కిమానీ మరూగే అని 84 ఏళ్ళ పెద్దాయన 2004లో యూనిఫాం వేసుకుని ఒకటో తరగతిలో చేరాడు, నిక్కరూ మేజోళ్ళతో చిన్న పిల్లల మధ్య బెంచీ మీద కూర్చున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఇది మంచి సంగతి. ఇక చెడ్డ సంగతి. మలావిలో కింది తరగతుల్లో ఒక్కో టీచరు ముందు వందమందికి పైగా పిల్లలు, చాలాచోట్ల చెట్టు కిందే క్లాసు, హడావిడిగా కొద్ది వారాల ట్రైనింగ్ ఇచ్చి పంపిన టీచర్లు. ఫీజు రద్దు ఎవరు చేశారో ప్రతి తల్లికీ తెలుసు, జేబులో డబ్బు మిగిలింది కాబట్టి. మూడో తరగతి పిల్లాడికి చదవడం రాలేదంటే అది మంత్రి తప్పా, టీచరు తప్పా, పిల్లాడి తప్పా? తెలీదు. తెలీదు కాబట్టి దాని మీద ఎవరూ ఓడిపోరు. ఎన్నికలొచ్చాక ఫీజులు పోయాయి గానీ చదువు నాణ్యత అంతగా మారలేదని దీని మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా తేల్చారు.

పాత సీసా

అందరూ ఓటరేదో లెక్కలేసుకుని ఓటేస్తాడన్నట్టు మాట్లాడుతున్నారు. ఎన్నికల ముందు రాత్రి ఏం జరుగుతుందో ఎవరికీ తెలియనట్టు నటిస్తున్నారా? పేదవాడి ఓటు కొనడం చవక, అందుకే వాడు పేదవాడిగా ఉండటమే నాయకుడికి లాభం. ఇలాంటి ప్రజాస్వామ్యాన్ని పట్టుకుని పేదరికం తగ్గిస్తుందంటారేంటి

మోడరేటర్

చర్చ బాగుంది. ఒక్క మనవి, మన దగ్గరి పార్టీల పేర్లు, నాయకుల పేర్లు తెస్తే ఆ పోస్టు లేపేస్తా. నిన్న ఇంకో థ్రెడ్ అలాగే పాడైంది. దేశాల అనుభవాల మీద మాట్లాడుకుందాం.

లెక్కల పంతులు

పాత సీసా గారు చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. బెనిన్‌లో 2001 అధ్యక్ష ఎన్నికల్లో నిజం పార్టీలతోనే ఒక ప్రయోగం చేశారు. లెనార్డ్ వాంట్‌చెకాన్ అనే ఆయన అభ్యర్థుల్ని ఒప్పించి, కొన్ని ఊళ్ళలో "మీ ప్రాంతానికి, మీవాళ్ళకి ఇది చేస్తా, మీవాళ్ళకి ఉద్యోగాలిస్తా" అని ప్రచారం చేయించాడు, ఇంకొన్ని ఊళ్ళలో "దేశమంతటా పేదరికం, చదువు, ఆరోగ్యం" అని విధానాల ప్రచారం చేయించాడు, ఏ ఊరికి ఏదన్నది చీటీ వేసినట్టు ఎంచారు. ఓట్లు ఎక్కువ తెచ్చింది మొదటి రకమే. కాకపోతే ఒక ముఖ్యమైన తేడా, ఆడవాళ్ళు విధానాల ప్రచారానికి మగవాళ్ళ కంటే ఎక్కువ మొగ్గు చూపారు. ఉద్యోగాలు, పైరవీలు అన్నీ మగవాళ్ళకే దక్కుతాయి కాబట్టి వాళ్ళకి ఆ వాగ్దానం వల్ల ఒరిగేదేం లేదు మరి.

ఓటరు తెలివితక్కువవాడై చేతికొచ్చింది తీసుకోడు. ఎన్నికల తర్వాత మాట నిలబెట్టుకుంటారన్న నమ్మకం లేనప్పుడు ఇవ్వాళ చేతిలో పడ్డదే నిజం అనుకుంటాడు, నేనైనా అంతే అనుకుంటా.

సరళ_వి

నాకు బాగా నచ్చిన ఉదాహరణ బ్రెజిల్‌ది, ఎవరూ పెద్దగా మాట్లాడరు దీని గురించి. ఓటు కొనడం కూడా కాదు, అసలు వేసిన ఓటే లెక్కలోకి రాకపోతే ఏమవుతుందనేది ఇది.

అక్కడ చదువురానివాళ్ళకి ఓటు హక్కు వచ్చిందే 1985లో. వచ్చింది సరే, కానీ చట్టసభల ఎన్నికల్లో బ్యాలెట్ కాగితం మీద అభ్యర్థి పేరో నంబరో సొంతంగా రాయాలి. రాయడం రానివాడు ఏం రాస్తాడు? ఖాళీగానో, గీతలతోనో వేసేవాళ్ళు, కుప్పలుకుప్పలు చెల్లకుండా పోయేవి. తర్వాత ఓటింగ్ యంత్రం తెచ్చారు. ఫోన్ మీద ఉండేలాంటి అంకెల మీటలు, నంబరు నొక్కగానే తెర మీద అభ్యర్థి ఫొటో వస్తుంది, సరే అనుకుంటే పచ్చ మీట, తప్పు నొక్కితే నారింజ మీట. అంతే. 1998లో 40,500 కంటే ఎక్కువ ఓటర్లున్న పురపాలికల్లో పెట్టారు, అంతకు తక్కువైతే చాలా రాష్ట్రాల్లో పాత కాగితమే, 2002లో అంతటా వచ్చేసింది. దీంతో పోల్చి చూడటానికి భలే వీలు దొరికింది, ఎందుకంటే 40 వేల ఓటర్లున్న ఊరికీ 41 వేలున్న ఊరికీ వేరే తేడా ఏముంటుంది.

చెల్లని ఓట్లు ఒక్కసారిగా తగ్గాయి, మొత్తం ఓట్లలో పది శాతానికి మించి కొత్తగా లెక్కలోకి వచ్చాయి. వచ్చినవి ఎవరివి? చదువులేని పేదవాళ్ళవి. తర్వాతి ఏళ్ళలో రాష్ట్రాల బడ్జెట్‌లో ఆరోగ్యం వాటా పెరిగింది, చదువుకోని తల్లులు గర్భంతో ఉన్నప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళడం పెరిగింది, తక్కువ బరువుతో పుట్టే పిల్లలు తగ్గారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, ఓటరు చైతన్య యాత్ర చేయలేదు. ఒక మీట.

మొండివాది

ఇది నాకు తెలీదు, బాగుంది. కానీ బ్రెజిల్‌లో అప్పటికే ప్రభుత్వ ఆస్పత్రుల వ్యవస్థ ఉంది, డబ్బు ఖర్చుపెట్టగల యంత్రాంగం ఉంది. అదేమీ లేని దేశంలో అందరి ఓట్లూ లెక్కపెట్టినా పంపించడానికి నర్సు ఉండదు. ముందు రాజ్యం పనిచేయాలి, ఆ తర్వాతే ఓటు పనిచేస్తుంది అన్నదే నా పాయింటు.

సరళ_వి

దీంతో నేను సగం ఏకీభవిస్తా. సగమే 🙂

ఇంజనీరు_రాజు

ప్రజల భాగస్వామ్యం అని అందరూ అంటుంటారు, నా ఫీల్డు కాబట్టి రోడ్ల ముచ్చట చెప్తా.

ఇండోనేసియాలో నియంత సుహార్తో పోయాక ఊళ్ళకే నేరుగా డబ్బిచ్చి రోడ్లు వేయించుకోమన్నారు. అందులో ఎంత తింటున్నారో కనుక్కోవాలని బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త 600 పైచిలుకు ఊళ్ళలో లెక్క తీశాడు. ఎలాగంటే, రోడ్డు అయిపోయాక ఇంజనీర్లని పంపి రోడ్డుని అక్కడక్కడా తవ్వించాడు. ఇసుక ఎంత మందం, కంకర ఎంత, రాయి ఎంత అని కొలిచి, దానికి అక్కడి ధర కట్టి, కూలీల్ని విడిగా అడిగి, బిల్లులో రాసినదానితో పోల్చాడు. ఇది నాకు భలే నచ్చింది, ఎందుకంటే కాగితాల ఆడిట్‌లో బిల్లు బిల్లుకీ సరిపోతుంది, రోడ్డు మాత్రం మొదటి వానకే పోతుంది, తవ్వితే గానీ నిజం బయటపడదు.

కొన్ని ఊళ్ళలో "ప్రభుత్వ ఆడిట్ తప్పకుండా వస్తుంది, ఫలితం ఊరి మీటింగులో చదువుతారు" అని ముందే చెప్పారు. అంతకుముందు వందలో నాలుగు ఊళ్ళకే ఆడిట్ వచ్చేది. ఇంకొన్ని ఊళ్ళలో జనాన్ని ఎక్కువగా మీటింగులకి పిలిచారు, పేరు రాయకుండా ఫిర్యాదు చేసే కాగితాలు పంచారు. ఏది పనిచేసింది? ఆడిట్. మాయమయ్యే డబ్బు 8 శాతం పాయింట్లు, అంటే ఖర్చులో ప్రతి వందకీ ఎనిమిది, తగ్గింది. మీటింగుల వల్ల సగటున పెద్ద తేడా లేదు. జనం రాలేదా అంటే వచ్చారు, కూలి డబ్బు ఎగ్గొడితే అడిగారు కూడా, ఎందుకంటే అది వాళ్ళ జేబు. ఇసుక మందం ఎవడికి తెలుసు, తెలిసినా నాయకుడితో గొడవ పడి నాకేంటి లాభం అనుకుంటారు కదా.

ఇంకో తమాషా ఏంటంటే ఆడిట్ వచ్చిన ఊళ్ళలో డబ్బు దొంగతనం తగ్గింది గానీ పని మాత్రం ప్రాజెక్టు చూసేవాళ్ళ చుట్టాలకి ఎక్కువ దొరికింది. ఒక దారి మూస్తే ఇంకో దారి.

కొత్తగా చేరా

మరి ఆడిట్ అంటే పైనుంచి అధికారులొచ్చి చేసేదే కదా, అందులో ప్రజాస్వామ్యం ఎక్కడుంది? నియంత కూడా ఆడిట్ చేయించొచ్చు కదా

లెక్కల పంతులు

మంచి ప్రశ్న అడిగావమ్మా / బాబూ (ఎవరో తెలీదు, ఏమీ అనుకోవద్దు).

చేయించొచ్చు. కానీ ఆడిట్‌లో బయటపడ్డాక ఏమవుతుందన్నది చూడాలి. మళ్ళీ బ్రెజిలే. 2003 నుంచి కేంద్ర ప్రభుత్వం పురపాలికల్ని లాటరీ తీసి, అదీ టీవీల వాళ్ళ ముందు లాటరీ తీసి, పేరొచ్చిన ఊళ్ళకి ఆడిటర్లని పంపేది, రిపోర్టు అందరికీ బయటపెట్టేది. 2004 ఎన్నికలకి ముందే కొన్ని ఊళ్ళ రిపోర్టులు వచ్చాయి, కొన్ని ఊళ్ళవి ఎన్నికల తర్వాత వచ్చాయి. ముందు వచ్చినచోట్ల అవినీతి బయటపడ్డ మేయర్లు మళ్ళీ గెలవడం బాగా తగ్గింది, ఊళ్ళో రేడియో ఉంటే దెబ్బ ఇంకా గట్టిగా పడింది. రిపోర్టు శుభ్రంగా ఉన్న మేయర్లకి ఆ రేడియోనే మేలు చేసింది. ఆడిట్, రేడియో, ఓటు, మూడూ ఒక దగ్గర కలవాలి. నియంత ఆడిట్ చేయిస్తే అది సాధారణంగా తనకి ఎదురుతిరిగినవాడి మీదే పడుతుంది.

ఉగాండాలో బడుల గ్రాంటు కథ కూడా మీలో చాలామంది వినే ఉంటారు. 1991 నుంచి 95 మధ్య ప్రభుత్వం ఒక్కో పిల్లాడి లెక్కన బడులకి పంపిన డబ్బులో సగటున 13 శాతమే బడికి చేరింది, మిగతాది దారిలో జిల్లా అధికారుల దగ్గరే ఆగిపోయింది. ఇది బయటపడ్డాక ఏ జిల్లాకి ఎంత పంపారో పేపర్లలో వేయడం మొదలెట్టారు, బడి గోడ మీద అతికించమన్నారు. 2001కల్లా 80 శాతం పైగా చేరుతోంది.

మొండివాది

ఆగండాగండి, అప్పుడు ఉగాండాలో పార్టీల మీద నిషేధం ఉంది! ముసెవేని పాలన. బహుళపార్టీ ఎన్నికలు 2006లో గానీ జరగలేదు. ఈ ఉదాహరణ నా ఖాతాలో పడాలి, మీ ఖాతాలో కాదు.

లెక్కల పంతులు

హహ, ఒప్పుకుంటా, సగం మీ ఖాతాలో వేసుకోండి. ఇంకా చెప్పాలంటే పేపర్లో వేయడం ఒక్కటే కారణం కాదని, అదే సమయంలో నిధులు పంపే పద్ధతి మార్చారు, పర్యవేక్షణ పెంచారు, దాతల ఒత్తిడి కూడా ఉందని తర్వాత విమర్శలొచ్చాయి. అయినా జిల్లా ఆఫీసు నుంచి బడికి మధ్య డబ్బు ఎక్కడ ఆగిందో హెడ్‌మాస్టరుకి తెలియడం, అడిగితే జైల్లో పెట్టరని నమ్మకం ఉండటం, ఈ రెండూ లేకుండా అది జరిగేది కాదు. పార్టీలు లేకపోయినా అప్పట్లో అక్కడ పేపర్లు కొంత స్వేచ్ఛగానే రాసేవి.

రవళి

ఆడవాళ్ళ సంగతి బెనిన్ దగ్గర ఒక లైన్లో వచ్చి పోయింది, నేను కొంచెం సాగదీస్తా.

ఇండియాలో రాజ్యాంగ 73వ సవరణ తర్వాత పంచాయతీల్లో మూడోవంతు ఆడవాళ్ళకి కేటాయించారు కదా, సర్పంచ్ పదవులు కూడా ఒక్కోసారి ఒక్కో ఊరికి తిప్పుతారు. ఏ ఊరికి రిజర్వేషన్ వస్తుందో ఊరి గుణాన్ని బట్టి కాదు కాబట్టి పోల్చడం తేలిక. రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో కలిసి పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో చూశారు. ఆడవాళ్ళు పంచాయతీ దగ్గరికొచ్చి దేని గురించి ఫిర్యాదు చేస్తున్నారు, మగవాళ్ళు దేని గురించి చేస్తున్నారు అని ముందు రాసుకున్నారు. రెండు చోట్లా ఆడవాళ్ళ నోట ఎక్కువ వచ్చింది మంచినీళ్ళే. మహిళా సర్పంచ్ ఉన్న ఊళ్ళలో నీళ్ళ మీద ఖర్చు ఎక్కువ పెట్టారు. రాజస్థాన్‌లో రోడ్ల మీద తక్కువ పెట్టారు, ఎందుకంటే అక్కడ రోడ్డు కావాలని ఎక్కువ అడిగేది మగవాళ్ళు. "వెనక భర్తే నడిపిస్తాడు, ఆవిడ సంతకం పెడుతుంది" అని వెటకారం చేసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, అదే పూర్తిగా నిజమైతే ఖర్చు ఎందుకు మారుతుంది?

నీళ్ళు మోయడానికి పోయే గంటలు ఏ పేదరికం లెక్కలోనూ డబ్బుగా కనపడవు. మోసేవాళ్ళు కుర్చీలో కూర్చుంటేనే కనపడతాయి.

పాత సీసా

రవళి గారు బాగా చెప్పారు. నేను ఇందాక కోపంగా రాశా గానీ నా బాధ వేరే. ఎన్నికైన ప్రభుత్వానికి చేతులు కట్టేయకుండా ఉంటేనే కదా పేదవాడికి ఏమన్నా చేసేది. జాంబియా చూడండి, 2020 నవంబరులో విదేశీ బాండ్ల వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. 2021 ఆగస్టులో జనం ప్రశాంతంగా ఓట్లేసి ప్రభుత్వాన్ని దించేశారు. కొత్తవాళ్ళు 2022లో హైస్కూలు దాకా ఫీజు ఎత్తేశారు, నియోజకవర్గ అభివృద్ధి నిధిని ఒక్కో నియోజకవర్గానికి 16 లక్షల క్వాచాల (అక్కడి కరెన్సీ) నుంచి 2 కోట్ల 57 లక్షలకి పెంచారు. బాగానే ఉంది. కానీ అప్పులవాళ్ళతో బేరం ఎప్పటికి తెమిలింది? బాండ్లు కొన్నవాళ్ళతో ఒప్పందం 2024లో గానీ పూర్తి కాలేదు. ఓటరుకి ఐదేళ్ళకోసారి జవాబు చెప్పాలి, అప్పిచ్చినవాడికి ప్రతి నెలా చెప్పాలి, ఎవడి మాట చెల్లుతుందో చెప్పనక్కర్లేదు.

సరళ_వి

అప్పు సంగతి నిజం. కానీ ఆ అప్పు ఎవరు, ఎవరిని అడిగి చేశారన్నది కూడా చూడాలి కదా. మొజాంబిక్‌లో పార్లమెంటు ఆమోదం లేకుండా ప్రభుత్వ హామీతో దాదాపు 200 కోట్ల డాలర్ల అప్పులు చేశారు, అందులో చాలాభాగం 2016లో గానీ బయటపడలేదు, దాతలు సాయం ఆపేశారు, కరెన్సీ పడిపోయింది, ధరలు పెరిగి దెబ్బ తగిలింది పేదవాళ్ళకి. పార్లమెంటులో పెట్టి ఉంటే ట్యూనా చేపల కంపెనీ పేరుతో అంత అప్పా అని కనీసం ఒక్కడైనా అడిగేవాడు. చట్టసభ ఆమోదం అంటే ఏదో లాంఛనం అనుకుంటాం గానీ పేదదేశానికి అది పెద్ద కాపలా.

మొండివాది

నేను కొంచెం మెత్తబడ్డానని మీరనుకుంటున్నారేమో, ఇంకొకటి అడుగుతా. డబ్బు పేదవాళ్ళకి నేరుగా చేరాలంటే నిపుణులకి వదిలేయడమే మేలు అనిపిస్తుంది. మెక్సికోలో 1997లో మొదలెట్టిన ప్రోగ్రెసా చూడండి. పిల్లల్ని బడికి పంపితే, చెకప్‌లకి తీసుకెళ్తే తల్లి చేతికి డబ్బు. మొదట్నుంచీ ఊళ్ళని వంతులవారీగా ఎంచి ప్రయోగంలా నడిపారు, బయటివాళ్ళు లెక్కగట్టారు, కాగితాల మీద "ఇది ఏ పార్టీకీ సంబంధం లేని ప్రభుత్వ పథకం" అని అచ్చేశారు. 2000లో డెబ్భై ఏళ్ళ పైన ఏలిన పార్టీ ఓడిపోయినా పథకం పోలేదు, పేరు మాత్రం మారుతూ వచ్చింది. ప్రపంచంలో ఎన్నో దేశాలు కాపీ కొట్టాయి. చివరికి 2019లో దాన్ని ఎత్తేసింది ఎవరు? భారీ మెజారిటీతో గెలిచిన ప్రభుత్వమే. ఓటు అంత గొప్పదైతే ఇంత మంచి పథకం ఎందుకు పోయింది?

లెక్కల పంతులు

పోయాక ఏమైందో కూడా చెప్పాలి కదండీ, కథ అక్కడే ఆపేస్తే ఎలా.

ఆ డబ్బుని వృద్ధుల పెన్షన్లకి, పిల్లల స్కాలర్‌షిప్పులకి మళ్ళించారు, షరతులు దాదాపు తీసేశారు. అట్టడుగున ఉన్నవాళ్ళకి చేరే వాటా తగ్గిందని నిపుణులు గోల పెట్టారు, అందులో నిజముంది, ఎందుకంటే పెన్షన్ డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకటే. కానీ అదే ప్రభుత్వం కనీస వేతనాన్ని ఏటా పెంచుకుంటూ పోయింది, ధరల పెరుగుదల తీసేసినా రెట్టింపు దాటింది. 2018లో 5 కోట్ల 19 లక్షల మంది పేదలుంటే 2024కి 3 కోట్ల 85 లక్షలు. అక్కడి అధికారిక కొలత ఆదాయం ఒక్కటే చూడదు, ఆరోగ్యం, చదువు, ఇల్లు అన్నీ కలిపి చూస్తుంది, అందులోనే ఇంత తగ్గింది. ఎక్కువ భాగం కూలి పెరగడం వల్లే. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయని దశాబ్దాల పాటు చెప్పి తొక్కిపెట్టింది కూడా నిపుణులే.

సరళ_వి

పంతులుగారూ, అదే కొలతలో ఆరోగ్యం గడి కూడా చదవండి మరి. 2018లో వైద్య సేవలు అందనివాళ్ళు 16 శాతం, 2022కి 39 శాతం, 2024లో 34. పాత ఆరోగ్య బీమా పథకాన్ని రద్దుచేసి దాని స్థానంలో పెట్టినది సరిగ్గా నిలబడలేదు. కూలి పెరిగింది ప్రతి వారం చేతిలో కనపడుతుంది, బీమా పోయింది జబ్బు చేస్తే తప్ప తెలీదు. ఆ పార్టీయే 2024లో మళ్ళీ బ్రహ్మాండంగా గెలిచింది.

మొండివాది

అంటే మీ ఇద్దరి మాటా కలిపితే, ఓటు వేతనాన్ని పెంచింది, ఓటే ఆస్పత్రిని వదిలేసింది. నేను దీన్ని ఏ ఖాతాలో వేసుకోవాలి?

సందేహాలరావు

నేను అడిగినదాని కంటే చాలా ఎక్కువే దొరికింది, అందరికీ థాంక్స్. ఒక్కటి మాత్రం ఇంకా అడగాలనిపిస్తోంది, బ్రెజిల్‌లో రేడియో ఉన్న ఊళ్ళలో మేయర్లు ఎక్కువ ఓడిపోయారన్నారు కదా. ఆ రేడియో స్టేషన్ మేయరుగారి బావమరిదిదే అయితే?

ఇంజనీరు_రాజు

అయితే రోడ్డు తవ్వాల్సిందే 😄

లెక్కల పంతులు

నవ్వులాటకి అడిగినా అసలు ప్రశ్న అదే. బ్రెజిల్‌లో చాలా రేడియోలు నిజంగానే రాజకీయ నాయకుల కుటుంబాల చేతిలో ఉన్నాయి. ఊళ్ళో ఒకటే స్టేషన్ ఉండటం వేరు, రెండు పోటీ స్టేషన్లు ఉండటం వేరు, దీని మీద వేరే థ్రెడ్ పెట్టండి సందేహాలరావుగారూ, ఆదివారం తీరిగ్గా రాస్తా.